పింగాణీ సామానుకు ఎలాంటి బీరువా? భోజనాల గది ఫర్నిచర్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త ఇంట్లో క్రాకరీ యూనిట్ అనగానే వడ్రంగి టేపు తీసి గోడ కొలుస్తాడు, ఇంటివాళ్ళు ఫోనులో ఫొటోలు చూపిస్తారు. పళ్ళేలను మాత్రం ఎవరూ కొలవరు. కింది జవాబులన్నింటి వెనుకా ఉన్న ఆలోచన ఒక్కటే: బీరువా కొలతలు సామానును బట్టి రావాలి, గోడను బట్టి కాదు.

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

హాలులో పాత దుప్పటి పరిచి, ఇంట్లో ఉన్న పింగాణీ, గాజు సామానంతా దాని మీద పెట్టండి. అటక మీద అట్టపెట్టెలో ఉన్నదీ, గృహప్రవేశానికి కానుకగా వచ్చి ఇంకా విప్పనిదీ కూడా. మూడు వాటాలు వేయండి: వారంలో ఒకసారైనా వాడేవి, చుట్టాలు వస్తే తీసేవి, వాడకపోయినా కళ్ళముందు ఉండాలనిపించేవి. మొదటి వాటాకు వంటింటి అల్మారానే సరైన చోటు. రెండోదానికి కావలసినవి మూసిన అరలు, లోతైన సొరుగులు. అద్దాల తలుపుల వెనుక చోటు మూడోదానికే. చాలా ఇళ్ళలో ఈ మూడో వాటా చిన్నది. అయినా ఏడడుగుల ఎత్తున అద్దాలు బిగించి, ఖాళీగా కనిపిస్తోందని మళ్ళీ సామాను కొనేవాళ్ళే ఎక్కువ.

మా సలహా: మూడింట ఒక వంతు అద్దం, రెండు వంతులు మూసిన చెక్క. సామాను నిజంగానే ముచ్చటైనదైతే అద్దం కొంచెం పెంచుకోవచ్చు.

ఏ కొలతలు తీసుకోవాలి?

అన్నింటికన్నా పెద్ద పళ్ళెం వ్యాసం, అన్నింటికన్నా పొడుగు జగ్గు ఎత్తు, టీ కెటిల్‌కు పిడి చివర నుంచి మూతి దాకా పొడవు. ఈ మూడూ కాగితం మీద రాసుకుని వడ్రంగికి ఇస్తే సగం పని అయినట్టే.

భోజనం పళ్ళెం మామూలుగా 10 నుంచి 11 అంగుళాలు ఉంటుంది. పడుకోబెట్టి పేర్చాలంటే అర లోపలి లోతు కనీసం 12 అంగుళాలు కావాలి. యూనిట్ లోతు 12 అంగుళాలు అని వడ్రంగి చెప్పాడంటే, వెనక పలక, తలుపు మందం పోగా లోపల మిగిలేది దాదాపు 11 అంగుళాలే. తీరా పళ్ళేలు సర్దాక తలుపు పడదు. అందుకే బయటి లోతు 14 అంగుళాలు చెప్పండి. పులిహోర, బిర్యానీ వడ్డించే కోలగా ఉండే పెద్ద పళ్ళేలు 14 నుంచి 16 అంగుళాల పొడవుంటాయి కాబట్టి కింది భాగాన్ని 18 అంగుళాల లోతుకు పెంచితే మంచిది. అప్పుడు పైభాగం ముందు ఒక గట్టులాంటి చోటు మిగులుతుంది. విందు రోజున వడ్డన గిన్నెలు పెట్టుకోవడానికి అంతకన్నా వీలైన స్థలం ఇంట్లో ఉండదు. ఆ గట్టు నేల నుంచి 32 నుంచి 36 అంగుళాల ఎత్తులో ఉండాలి. భోజనాల బల్ల ఎత్తు సుమారు 30 అంగుళాలు, నిలబడి వడ్డించేవారికి అంతకన్నా కొంచెం ఎత్తుగా ఉంటే నడుము వంచే పని తప్పుతుంది.

అరల మధ్య ఎత్తు లెక్కించేటప్పుడు చేతికి కూడా చోటు వదలాలి. కప్పు ఎత్తు 3 అంగుళాలే కావచ్చు, తీసేటప్పుడు పైన వేళ్ళు పట్టాలి కదా! వస్తువు ఎత్తుకు 2 అంగుళాలు కలుపుకోండి. కప్పుల అరకు 5 లేదా 6, నిలబెట్టిన పళ్ళేల అరకు 13 అంగుళాలు సరిపోతాయి. అరలను మేకులు కొట్టి బిగించవద్దని చెప్పండి. పక్క పలకల్లో 2 అంగుళాలకొక రంధ్రం వేసి పిన్నుల మీద అరలు నిలిపితే, రేపు సామాను మారినా బీరువా పనికొస్తుంది.

ఏ రకం మంచిది: సైడ్‌బోర్డా (నడుమెత్తు ఉండే మూసిన బీరువా), నిలువు షోకేసా, గోడకు బిగించేదా?

మూసిన కింది భాగం, దాని మీద లోతు తక్కువైన అద్దాల భాగం. ఎక్కువ ఇళ్ళకు మేం చెప్పేది ఇదే. రెండు భాగాలూ విడివిడిగా చేయించి స్క్రూలతో కలిపితే అపార్ట్‌మెంటు లిఫ్టులో ఎక్కుతుంది, బదిలీ వస్తే విప్పి తీసుకువెళ్ళవచ్చు.

నేల నుంచి పైదాకా అద్దమే ఉండే షోకేసు చూడటానికి బాగుంటుంది కానీ మోకాళ్ళకన్నా కింద ఉన్న అరల్లోకి ఎవరూ వంగి చూడరు. అక్కడ దుమ్మే ప్రదర్శనకు ఉంటుంది. పిల్లలు బండి బొమ్మలతో గుద్దేదీ ఆ అద్దాన్నే.

మూల బీరువా మూడు నాలుగు అందమైన వస్తువులకు మాత్రమే. నిల్వకు పనికిరాదు, లోపలి మూలకు చెయ్యి చేరదు. తలుపుల్లేని అరలు మన ఊళ్ళ దుమ్ముకు ఎంతమాత్రం పనికిరావు, పత్రికల్లో ఫొటోలు ఎంత బాగున్నా సరే.

గోడకు బిగిస్తే బరువు ఆగుతుందా?

లెక్క వేసి చూడండి. పెద్ద పళ్ళెం సుమారు అర కిలో. 12 పళ్ళేలు 6 కిలోలు. చిన్న పళ్ళేలు 12, గిన్నెలు 12 కలిపితే ఇంకో 6, 7 కిలోలు. గాజు బరువుకు సూత్రం ఉంది: చదరపు మీటరుకు ప్రతి మిల్లీమీటరు మందానికీ 2.5 కిలోలు. అడుగున్నర వెడల్పు, 3 అడుగుల ఎత్తున్న 5 మిల్లీమీటర్ల గాజు తలుపు ఒక్కటే 5 కిలోలు దాటుతుంది. ప్లైవుడ్ బరువు వేరు.

ఎర్ర ఇటుక గోడకైతే ఈ బరువు పెద్ద విషయం కాదు. కొత్త అపార్ట్‌మెంట్లలో చాలావరకు తేలికైన ఏ.ఏ.సి. (లోపల గాలి బుడగలుండే సిమెంటు) దిమ్మెలతో గోడలు కడుతున్నారు. వాటిలో మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు పట్టు నిలవదు, ఆ దిమ్మెలకోసమే తయారైన పొడుగాటి యాంకర్లు వాడాలి. గోడ దేనితో కట్టారో బిల్డరును అడగండి. డ్రిల్ చేసినప్పుడు ఎర్ర పొడి వస్తే ఇటుక, తెల్లని మెత్తటి పొడి రాలుతూ డ్రిల్ సులువుగా దిగిపోతే తేలిక దిమ్మె అనుకోవచ్చు. జిప్సమ్ బోర్డు అడ్డుగోడకు మాత్రం పింగాణీ బరువును వేలాడదీయవద్దు.

చెక్క టేకే కావాలా? ప్లైవుడ్ చాలదా?

టేకుకు చెదలు సులువుగా పట్టవు, చెమ్మకు వంకరపోదు. నిజమే. కానీ ఆ గుణం చేవకు, అంటే మాను లోపలి ముదురు చెక్కకు మాత్రమే ఉంది. అంచున లేత రంగులో ఉండే తెల్లచెక్కను చెదలు మిగతా చెక్కలాగే తినేస్తాయి. టేకు పేరుతో కొన్న బీరువాలో వెనకవైపు, అరల కింద తెల్లచెక్క అతికించి రంగు వేసి ఉండటం అరుదేమీ కాదు. కొనే ముందు అరలు బయటికి లాగి, రంగు వేయని వైపు చూడండి.

ఫ్రేములు, తలుపులు టేకుతో, పెట్టె ప్లైవుడ్‌తో చేయించడం మంచి మధ్యేమార్గం. వెడల్పాటి పలకలకు గట్టి చెక్కకన్నా ప్లైవుడ్ నిజానికి మెరుగు, పొరలు అడ్డంగా నిలువుగా అతికి ఉంటాయి కనుక వాతావరణం మారినా చీలదు. ప్లైవుడ్ మీద ముద్ర చూడాలి. ఐ.ఎస్. 710 అంటే మెరైన్ రకం, చెమ్మను బాగా తట్టుకుంటుంది. ఐ.ఎస్. 303 కింద వచ్చే ఎం.ఆర్. (చెమ్మను కొంతవరకే తట్టుకునే) రకం పొడి గదులకు సరిపోతుంది. వాష్‌బేసిన్ పక్కనో, వంటింటి గోడకు ఆనుకునో పెట్టే యూనిట్‌కు 710 తీసుకోండి.

పార్టికల్ బోర్డు తేలిక, చవక. పింగాణీ బరువు మోసే అరలకు మాత్రం వద్దు, ఏడాది తిరిగేసరికి మధ్యలో కుంగుతుంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అర కూడా రెండున్నర అడుగులు దాటితే మధ్యలో నిలువు పలక ఉండాలి. లేదంటే అర ముందు అంచు కింద ఒకటిన్నర అంగుళం టేకు పట్టీ కొట్టించండి, కుంగడం చాలావరకు ఆగిపోతుంది.

కొత్త ప్లైవుడ్, పాలిష్ వాసన మూసిన పెట్టెలో చాలాకాలం నిలుస్తుంది. సామాను సర్దే ముందు కొన్ని రోజులు తలుపులు తెరిచి ఉంచండి. ఆ తర్వాత కూడా మొదటిసారి వడ్డించేముందు పళ్ళేలు కడగండి.

అద్దం ఎంత మందం? టఫెన్డ్ గాజు తప్పనిసరా?

తలుపులకు చెక్క ఫ్రేము ఉంటే 4 లేదా 5 మిల్లీమీటర్లు చాలు. ఫ్రేము లేకుండా గాజే తలుపైతే టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరచిన) గాజు కావాలి. అది పగిలినా పొడుగాటి కత్తుల్లాంటి ముక్కలు కాకుండా చిన్న గింజలుగా రాలుతుంది. పిల్లలున్న ఇంట్లో ఫ్రేము ఉన్నా అదే పెట్టించమంటాం.

ఒకసారి టఫెన్ చేసిన గాజును కోయలేరు, రంధ్రం పెట్టలేరు. పిడి ఎక్కడ రావాలి, బందు ఎక్కడ రావాలి, అన్నీ ముందే తేలాలి. పెట్టె తయారై, నిలబెట్టి, మూలమట్టం చూశాక కొలత ఇవ్వాలి. తొందరపడి గీతల బొమ్మను బట్టి గాజు తెప్పించే వడ్రంగిని ఆపండి.

గాజు అరలకు 8 మిల్లీమీటర్ల మందం, రెండు అడుగుల వెడల్పు దాటకుండా చూసుకోండి. వాటి మీద విడివిడి వస్తువులే ఉంచండి, పళ్ళేల దొంతరలను చెక్క అరల మీద పెట్టండి.

లోపల లైట్లు ఎలా?

చాలా యూనిట్లలో పై కప్పుకు ఒకే లైటు పెట్టి, కింద చెక్క అరలు వేస్తారు. పై అర వెలుగుతుంది, మిగతావి చీకట్లో ఉంటాయి. పైనుంచి వెలుగు కిందిదాకా దిగాలంటే గాజు అరలు కావాలి. చెక్క అరలే అయితే పక్క పలకల ముందు అంచున నిలువుగా ఎల్.ఇ.డి. పట్టీ బిగించి, దాని ముఖం లోపలికి తిప్పాలి. పట్టీని విడిగా అతికించకుండా పాల రంగు మూత ఉన్న అల్యూమినియం గాడిలో పెట్టించండి, లేదంటే పళ్ళేల మెరుపులో చుక్కలు చుక్కలుగా బల్బులే కనిపిస్తాయి.

2700 నుంచి 3000 కెల్విన్ వెచ్చని వెలుగులో తెల్ల పింగాణీ, బంగారు అంచు బాగుంటాయి. 6500 కెల్విన్ తెల్ల వెలుగు మందుల దుకాణానికి సరి. లైటు అడాప్టర్‌ను మూసిన సొరుగులో కాకుండా గాలి ఆడే చోట, చెయ్యి అందేలా పెట్టించండి. ముందు చెడిపోయేది అదే.

పళ్ళేలు నిలబెట్టాలా, పేర్చాలా?

ప్రదర్శనకైతే నిలబెట్టండి. అర వెనక అంచు నుంచి రెండు అంగుళాల దూరంలో సన్నని గాడి చెక్కించినా, అర అంగుళం పట్టీ కొట్టించినా పళ్ళెం జారదు. ఇది పాలిష్‌కు ముందే చెప్పాలి, తర్వాత చేస్తే పాలిష్ పోతుంది. స్ప్రింగు తీగలతో పళ్ళేన్ని బిగించి పట్టే హ్యాంగర్లు పాత, సన్నని పళ్ళేలకు మంచివి కావు, అంచు మీద ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది.

పేర్చేటప్పుడు ఒకే కొలతవి ఒకే దొంతరలో, బంగారు అంచు, చేతి రంగులు ఉన్నవాటి మధ్య మెత్తటి గుడ్డ ముక్కో కాగితమో వేయండి. పళ్ళెం అడుగు వలయం గరుకుగా ఉంటుంది, కింది పళ్ళెం ముఖాన్ని గీసేది అదే. కప్పులను రెండుకు మించి ఒకదానిలో ఒకటి పెట్టవద్దు. కప్పుకు బలహీనమైన చోటు పిడి అతుకు కాబట్టి విలువైన వాటిని కొక్కేలకు తగిలించవద్దు.

హైదరాబాదులో ఉన్నవాళ్ళు ఒకసారి సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా, జపాన్, యూరప్ పింగాణీ గదులు చూసి రండి. ఎంత ఖాళీ వదిలి పెట్టారో, పళ్ళెం ఎంత వాలుగా ఉందో గమనిస్తే మన బీరువా సర్దడం సులువవుతుంది. వస్తువులన్నీ కనిపించాలన్న ఆత్రంతో కిక్కిరిసి పెడితే ఏదీ కనిపించదు.

మా దగ్గరున్నది బోన్ చైనానో, ఓపల్ గాజో ఎలా తెలుస్తుంది? నిల్వలో తేడా ఉందా?

పళ్ళేన్ని వెలుగుకు ఎత్తి వెనక వేళ్ళు పెట్టండి. వేళ్ళ నీడ కనిపించి, తెలుపులో కొంచెం మీగడ రంగు ఉంటే బోన్ చైనా అయ్యే అవకాశం ఎక్కువ. ఎముకల బూడిద కలిపిన ఈ పింగాణీకి 1790ల్లో ఇంగ్లండ్‌లోని స్టోక్-ఆన్-ట్రెంట్‌లో జోసయా స్పోడ్ ఒక స్థిరమైన పాళ్ళు కుదిర్చాడు. ఓపల్‌వేర్ పింగాణీ కాదు, తెల్లని గాజు. సన్నగా, నున్నగా ఉంటుంది, ఒకదాని మీద ఒకటి చక్కగా కూర్చుంటుంది. కానుకల రూపంలో మన ఇళ్ళకు వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఇదే. దీన్ని మూసిన అరల్లో నిశ్చింతగా పేర్చుకోవచ్చు. ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా పింగాణీ, స్టోన్‌వేర్ (గట్టిగా కాల్చిన మందపాటి మట్టి సామాను) బరువు ఎక్కువ, కింది అరలు వాటికి.

తాతల కాలం నాటి రంగుల పళ్ళేలను మాత్రం చూపుకే ఉంచండి. పాత మెరుగుల్లో, రంగుల్లో సీసం ఉండవచ్చు. చింతపండు పులుసు, నిమ్మరసం, పచ్చడి లాంటి పులుపు తగిలితే అది తిండిలోకి దిగుతుంది.

ఆవకాయ జాడీలు, వెండి సామాను కూడా ఇందులోనే పెట్టవచ్చా?

ఖాళీ జాడీలు పెట్టుకోండి. గోధుమ, తెలుపు రంగుల పాత జాడీ షోకేసులో ఏ విదేశీ పూలకుండీకీ తీసిపోదు. ఊరగాయ నిండిన జాడీ వద్దు, నూనె అడుగుకు జారి చెక్కకు మరక పడుతుంది, వాసన తలుపులు తీసినప్పుడల్లా వస్తుంది.

వెండి విడిగా తాళం ఉన్న సొరుగులో ఉండాలి. కారణం దొంగలు మాత్రమే కాదు. జారకుండా వేసే రబ్బరు చాపల్లో గంధకం ఉంటుంది, దానివల్ల వెండి త్వరగా నల్లబడుతుంది. అరల్లో న్యూస్‌పేపరు పరచడం కూడా మానండి. చెమ్మ పీల్చి, బొద్దింకలకు ఇల్లవుతుంది.

కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలను పళ్ళేలతో కలిపి పెట్టడం చూడముచ్చటగా ఉంటుంది. తడి పళ్ళేల పక్కన మాత్రం పెట్టకండి.

మాది విశాఖ. సముద్రపు గాలికి ఏం జాగ్రత్తలు?

ముందు పోయేవి బందులు, స్క్రూలు. మామూలు ఇనుప పూత బందులు ఉప్పుగాలికి తుప్పు పడతాయి, స్టెయిన్‌లెస్ స్టీలు 304 రకం అడగండి. కాకినాడ, మచిలీపట్నం వైపు ఇళ్ళకూ ఇదే మాట. యూనిట్‌ను గోడకు ఒక అంగుళం ఎడంగా, నేల నుంచి 4 అంగుళాల కాళ్ళ మీద నిలపండి. వెనక పలకకు కూడా రెండువైపులా లామినేట్ గానీ పాలిష్ గానీ ఉండాలి. కనిపించదని వెనకవైపు వదిలేస్తారు, బూజు మొదలయ్యేది అక్కడే.

వాస్తు ప్రకారం ఎక్కడ పెట్టాలి?

బరువైన బీరువాకు నైరుతి మంచిదంటారు. కుదిరితే పెట్టుకోండి. అంతకన్నా ముందు చూడవలసింది ఆ గోడ వెనక ఏముందో. స్నానాలగది గోడ, ఏ.సి. నీరు పోయే గొట్టం ఉన్న గోడ, వానకు తడిసే పడమటి గోడ అయితే ఏ దిక్కయినా వద్దు. బల్ల అంచుకూ యూనిట్‌కూ మధ్య కనీసం 3 అడుగులు ఉండాలి, కుర్చీలో మనిషి ఉండగానే తలుపు తెరుచుకోవాలి.

చిన్నపిల్లలున్నారు, భయంగా ఉంది. ఏం చేయాలి?

పొడుగు బీరువా ఏదైనా గోడకు పైభాగంలో రెండుచోట్ల ఎల్ ఆకారపు పట్టీలతో బిగించి తీరాలి. పిల్లలు సొరుగులు లాగి మెట్లుగా ఎక్కితే బరువు ముందుకు వచ్చి బీరువా బోల్తాపడుతుంది. సొరుగుల బీరువాలు మీద పడి పిల్లలు చనిపోవడంతో 2016లో ఐకియా అమెరికాలో దాదాపు 2.9 కోట్ల బీరువాలను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. బరువైన సామాను కింది అరల్లో పెట్టడం, అద్దాల తలుపులు మూడడుగుల ఎత్తు తర్వాతే మొదలుపెట్టడం కూడా ముఖ్యమే.

వడ్రంగితో చేయించాలా, తయారైనది కొనాలా?

కొలతల జాబితా ఉన్నవాళ్ళకు వడ్రంగే మేలు. ధర మాట్లాడేటప్పుడు చదరపు అడుగు లెక్క చెబుతారు: 4 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు అంటే 28 చదరపు అడుగులు. లోతు ఈ లెక్కలోకి రాదు కాబట్టి ఎంత లోతుకు ఆ ధరో ముందే తేల్చుకోండి. గాజు, బందులు, సొరుగుల ఛానళ్ళు, లైట్లు, పాలిష్ అందులో కలిసినవో విడివో కాగితం మీద రాయించండి. గొడవలన్నీ ఈ చివరి వరుస దగ్గరే వస్తాయి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు తయారైన సైడ్‌బోర్డు కొనుక్కోవడమే తెలివైన పని.

అమెరికాలో ఇల్లు కొన్నాం. ఫార్మల్ డైనింగ్ గది ఉంది. కొత్తది కొనాలా?

కొత్తది చూసే ముందు సెకండ్‌హ్యాండ్ దుకాణాలు, ఎస్టేట్ సేళ్ళు (ఇల్లు ఖాళీ చేసేటప్పుడు సామానంతా అమ్మే అమ్మకాలు) తిరగండి. పెద్ద ఇళ్ళు ఖాళీ చేసే వృద్ధుల చెర్రీ, ఓక్ చైనా క్యాబినెట్లను వారి పిల్లలు వద్దంటున్నారు, అందువల్ల గట్టి చెక్కవి చవకగా దొరుకుతున్నాయి. పళ్ళేలు నిలిపే గాడి చాలావాటికి ముందే ఉంటుంది. పై, కింది భాగాలను కలిపే స్క్రూలు ఉన్నాయా, వెనక అద్దం మచ్చలు పడిందా, చెక్కలో సూది మొనంత రంధ్రాలు, వాటి కింద పిండిలాంటి పొడి ఉన్నాయా చూడండి. పొడి రాలుతుంటే పురుగు ఇంకా లోపలే ఉన్నట్టు, వదిలేయండి. పాత బల్బుల స్థానంలో ఎల్.ఇ.డి. వేయించుకోండి. స్టీలు పళ్ళేలు, ఇడ్లీ పాత్రలు కింది భాగంలో పడతాయో లేదో కొలుచుకునే వెళ్ళండి.

ఎన్నాళ్ళకొకసారి దులపాలి?

తలుపుల మధ్య సందుకు బ్రష్ పట్టీ అతికిస్తే దుమ్ము బాగా తగ్గుతుంది, రెండు మూడు నెలలకొకసారి చాలు. గాజు తుడిచే ద్రావకాన్ని గుడ్డ మీద చల్లి తుడవండి, నేరుగా చల్లితే తుంపర పళ్ళేల మీద పడుతుంది. కడిగేటప్పుడు ఉంగరాలు తీసి, సింకులో మందపాటి తువ్వాలు వేసుకోండి. బంగారు అంచు ఉన్నవాటిని పీచుతో తోమకండి, డిష్‌వాషర్‌లో వేయకండి. మైక్రోవేవ్‌లో అసలే వద్దు, నిప్పురవ్వలు వస్తాయి.